పుర్రచేతి బల్ల

డెకరేటర్ చేతిలోని అట్టముక్క గుండ్రంగా, పెద్ద పళ్లెమంత ఉంది.

"దీన్ని బల్ల మధ్యలో పెట్టి చుట్టూ గీత గీయండమ్మా. గీత వెంబడి కోసేస్తే వాష్‌బేసిన్ అందులో కూర్చుంటుంది" అంటూ అతను బాత్రూమ్ గుమ్మం ముందున్న పాత బల్ల మీది దుప్పటి లాగేశాడు.

పుర్రచేతమ్మ చేతిలో కరెంటు రంపం ఉంది. అప్పటికి దాని స్విచ్చి వేసి లేకపోవడం డెకరేటర్ అదృష్టం.

అది వాళ్ల నాన్న పనిబల్ల.

చూడగానే పోల్చుకుంది. పోల్చుకోలేకపోవడానికి అదేమైనా ఊళ్లో పది దొరికే బల్లా? వడ్రంగి బల్లలన్నిటికీ చెక్కను కదలకుండా బిగించి పట్టే ఇనుప వైస్ ఎడమ కొసన ఉంటుంది. దీనికి కుడి కొసన ఉంటుంది. నాన్నది ఎడమచేతి వాటం. ఎవరి బల్ల దగ్గరా ఆయన నడుం కుదురుగా నిలవక, తన చేతికి తగ్గట్టు తానే ఈ బల్ల చేసుకున్నాడు. ఆయన చేతివాటం ఇద్దరు పిల్లల్లో కూతురికే వచ్చింది. బళ్లో పంతులు వేళ్ల మీద బెత్తంతో కొట్టినప్పుడల్లా ఏడుస్తూ వచ్చి ఈ బల్ల కిందే కూర్చునేది. పనిలో చేరాక అందరూ పుర్రచేతమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు విని ఎవరైనా నవ్వితే నాన్న మాత్రం, "ఇద్దరం ఉన్నాం, చూసుకోండి" అనేవాడు.

వంగి బల్ల అంచు కింద తడిమింది. ఉంది. మూడు వేళ్ల లోతు గంటు. ఎనిమిదేళ్లప్పుడు మొదటిసారి రంపం పట్టి, కోయాల్సిన పుల్లను వదిలేసి బల్లనే కోసింది. నాన్న దాన్ని పూడ్చలేదు. "ఉండనీ. ఇది కనబడినంత కాలం నీ చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది" అన్నాడు.

"ఎక్కడిదండీ ఇది?" అంది, తెలిసీ.

"మీ అన్నయ్య ఇచ్చారుగా! ఎంత మంచి మనిషండీ. మేడమ్ గారికి పాత వడ్రంగి బల్ల కావాలని నేను అనడమే ఆలస్యం, మా షెడ్డులో ఉంది తీసుకోండి సార్ అన్నారు. దీనికో మూడ్ ఉంది. చూశారా ఆ మూడ్?"

అతని నోట మూడ్ అనే మాట రోజుకు వందసార్లు వస్తుంది. అందుకే పనివాళ్లంతా అతనికి మూడ్ సారు అని పేరు పెట్టారు. ఇంకో రోజైతే పుర్రచేతమ్మకూ నవ్వొచ్చేది. ఆ రోజు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిజానికి ఆ మంట కొత్తది కాదు. రెండు నెలలుగా ఆ ఇంటి చెక్కపని అన్నయ్యే చేయిస్తున్నాడు, ఆమె అతని కింద చేస్తోంది. ఆ ఇంట్లో ఏ వస్తువూ తాను ఏం పనికొస్తుందో చెప్పదు. అల్మారాలకు పిడుల్లేవు. ఎక్కడ నొక్కితే తెరుచుకుంటాయో తెలియక ఇంటావిడే గోడంతా తడుముకుంటుంది. అరల్లో పుస్తకాలను వెన్ను గోడవైపు తిప్పి పెట్టారు, అన్నీ ఒకే లేత రంగులో కనబడాలట. వాటిలో ఏది ఏ పుస్తకమో దేవుడికే తెలియాలి. తెల్లటి సోఫాలో ఒకసారి కూలబడితే లేవడానికి ఇంకొకరు చెయ్యందించాలి. ఇవన్నీ ఆమె పళ్ల బిగువున భరించింది. భోజనాల బల్ల దగ్గర మాత్రం ఎదురు తిరిగింది. మచ్చలేని టేకుతో, కీళ్లు గాలి దూరకుండా కూర్చి ఆమె చేసిన బల్లను ఇనుప గొలుసుతో కొట్టమన్నాడు మూడ్ సారు. వందేళ్ల నాటిదానిలా కనబడాలట.

"కొత్త చెక్కను గొలుసుతో బాదాలా? అదేం తప్పు చేసిందండీ?" అని ఆమె గొలుసు కింద పడేసి వెళ్లిపోయింది. వేరేవాళ్లెవరో బాదారు.

ఇప్పుడు తేలిందేమిటంటే, కొత్తదాన్ని పాతగా కనబడాలని కొట్టేవాళ్లు, నిజంగా పాతదాన్ని బొక్క పెట్టడానికి తెచ్చుకున్నారు.

రంపం కింద పెట్టి మెట్లెక్కింది. అన్నయ్య పైగదిలో కిటికీ చట్రం కొలుస్తున్నాడు.

"నాన్న బల్ల ఎందుకిచ్చావు?"

అతను టేపు చుట్టుకుంటూ నీళ్లు నమిలాడు. "అదా... నీకు చెబుదామనే అనుకున్నానమ్మా. ఆ సారు చేతిలో ఇంకో నాలుగిళ్లున్నాయి. అడిగింది ఇస్తే మనల్ని గుర్తుపెట్టుకుంటాడని..."

"నేనడిగితే ఏమన్నావు?"

అతను టేపు మళ్లీ లాగి చట్రానికి ఆనించాడు. ఆమెకు అక్షరం అక్షరం గుర్తుంది. నాన్న పోయిన రెండో నెలలో అడిగింది. అన్నయ్యా, ఆ బల్ల నీకు పనికిరాదు, నాకు తప్ప ఎవరికీ పనికిరాదు, నాకివ్వు అని. అది నాన్న గుర్తమ్మా, షెడ్డు గడప దాటకూడదు అన్నాడు. నీ ఇంటి ముందుగదిలో అసలు పట్టదు అని కూడా అన్నాడు. సరే, గుర్తే కదా, అన్నయ్య కళ్లముందే ఉంటుందిలే అని ఊరుకుంది. ఈ రెండేళ్లూ పరాయి బల్లల మీద నడుం మెలిపెట్టుకుని చిత్రిక పడుతూ, రాత్రి ఇంటికెళ్లి వేడినీళ్ల కాపడం పెట్టుకుంటూ ఊరుకుంది.

"గడప దాటకూడదన్నావు. బాత్రూమ్ గడప దాటొచ్చా?"

"మెల్లిగా మాట్లాడు, కింద వింటారు."

"విననీ! నాన్న గుర్తు మీద జనం చేతులు కడుక్కుని ఉమ్మితే నీకు బాగుంటుందా?"

"ఎందుకే అంతేసి మాటలు? షెడ్డులో మూలన దుమ్ము కొట్టుకుపోతోంది. ఇక్కడైతే పదిమందీ చూస్తారు, మెచ్చుకుంటారు. నాన్నకూ గౌరవమే కదా. పిచ్చి కోపాలు మాని ఆ బొక్క కోసిపెట్టు. నేను రేపట్నుంచి నాలుగు రోజులు వేరే సైటులో ఉంటాను, ఇంటి ఫొటోలు తీసే రోజుకి వస్తా. నా పరువు తీయకు."

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. అన్నయ్య కాబట్టి ఆగింది. మెట్లు దిగింది. సాయంత్రం లోపల ఆ బల్లకు బొక్క పడుతుంది. తాను కోయనంటే ఇంకెవరో కోస్తారు, భోజనాల బల్లను బాదినట్టే. ఒక్కసారి బొక్క పడ్డాక ఆ బల్ల మీద చెక్క నిలబడదు, పని సాగదు. అరిచి లాభం లేదని ఆమెకు అప్పుడు తట్టింది.

కింద ఇంటావిడ కూడా వచ్చి ఉంది. పుర్రచేతమ్మ గొంతు సర్దుకుని ఇద్దరికీ చెప్పింది.

"సార్, ఇది నలభై ఏళ్లు నూనె తాగిన చెక్క. దీనికి మీ జిగురు పట్టదు. బేసిన్ అంచునుంచి నీళ్లు దిగితే ఉబ్బి పగులుతుంది. పైగా ఎత్తు జానెడు తక్కువ. వంగి ముఖం కడుక్కోవాలి."

మూడ్ సారు ముఖం మాడిపోయింది. "మరి ఫొటోలు?"

"నాలుగు రోజులివ్వండి. అచ్చం ఇలాంటిదే సరైన ఎత్తులో చేసిస్తాను. ఇదే వైస్, ఇవే గాట్లు, ఇవే మరకలు. పక్కపక్కన పెట్టినా ఎత్తు తప్ప ఇంకే తేడా కనబడదు. బదులుగా ఈ బల్ల నేను తీసుకెళ్తాను. మా అన్నయ్యకు మాత్రం చెప్పొద్దు."

"పాతగా ఉంటుందా? మీరు గొలుసు పట్టుకోనన్నారుగా?"

"పట్టుకుంటాను."

మూడ్ సారు ఇంటావిడ వైపు చూశాడు. ఆవిడ ఫోను చూసుకుంటూ, "ఏ బల్లయితే ఏముందండీ? చూడ్డానికి అలా ఉంటే చాలు" అంది.

ఆ మాట వినగానే పుర్రచేతమ్మకు ఒళ్లు మండిపోయింది. కానీ బల్లను కాపాడింది ఆ మాటే కాబట్టి తల ఊపి ఊరుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం అన్నయ్య వెళ్లిపోయాక, సామాన్ల బండి నడిపే ఆమె భర్త వచ్చాడు. ఇద్దరూ కలిసి బల్ల ఎక్కించారు. అన్నయ్య మాట సగం నిజమే, ముందుగదిలో బల్ల పడితే ఇంకేమీ పట్టదు. భర్త మంచాన్ని వెనక గదిలోకి నెట్టి, కుర్చీలు మడిచి గోడకు తగిలించి, "ఇదీ మన డెకరేషన్" అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది.

మూడు రోజులు ఇంటావిడ పెరట్లో కొత్త బల్ల చేసింది. పాత సామాన్ల కొట్లో వెతికి తుప్పు పట్టిన వైస్ తెచ్చి కుడి కొసన బిగించింది. కీళ్లు మాత్రం శుద్ధంగానే కూర్చింది, దొంగ బల్లకైనా వదులు కీళ్లు వెయ్యడం ఆమె చేతికి రాదు. నాలుగో రోజు పొద్దున గొలుసు తీసుకుంది.

మొదటి దెబ్బకు చెయ్యి రాలేదు. అంత నున్నగా చిత్రిక పట్టిన పలక మీద, తన చేత్తో తానే ఎలా కొట్టడం? అప్పుడు షెడ్డు గడప గుర్తొచ్చింది. కొట్టింది. పిచ్చి కోపాలు మానమనడం గుర్తొచ్చింది. ఇంకా గట్టిగా కొట్టింది. నాన్నకూ గౌరవమే కదా అన్న మాటకు పలక అంచు చిట్లిపోయింది. చూడ్డానికి అలా ఉంటే చాలు అన్న మాటకు నాలుగు దెబ్బలు పడ్డాయి. భుజం పట్టేసేదాకా కొట్టి, కొడుతూ కొడుతూ వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, చిక్కటి టీ డికాషన్ కాచి, తుప్పు నానబెట్టిన నీళ్లు కలిపి, గాట్లలో దిగేలా గుడ్డతో పూసింది. ఆరాక చూస్తే నలభై ఏళ్ల బల్లే. మూడ్ సారు చేతులు కట్టుకుని చుట్టూ తిరిగి, "ఎంత ఫీలింగ్ ఉందండీ ఇందులో!" అన్నాడు. జీవితంలో అతనన్న మొదటి నిజం అదే.

మూడు వేళ్ల గంటు మాత్రం ఆమె పెట్టలేదు.

ఫొటోల రోజున అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్ల మీద తెల్లటి బేసిన్ కూర్చుని ఉంది. పక్కనే ఎండుగడ్డి పెట్టిన కూజా, వెనక ఆర్చి ఆకారంలో అద్దం. పుర్రచేతమ్మ పంపు కింద ఆఖరి స్క్రూ బిగిస్తోంది. ఫొటోలు తీసే అతను, "ఈ బల్ల గురించి రెండు మాటలు చెప్పండి సార్" అన్నాడు.

అన్నయ్య బల్ల మీద అరచెయ్యి ఆనించాడు. "ఇది మా నాన్నగారిదండీ. పుట్టినప్పట్నుంచీ దీని పక్కనే పెరిగాను. ఈ మరక చూశారా? ఇది మా నాన్న చెమట. చెయ్యి పెడితే ఇప్పటికీ ఆయన్ని ముట్టుకున్నట్టే ఉంటుంది."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. దొంగ ఏడుపు కాదు, నిజంగానే తిరిగాయి. నాటకమైతే ఆమె సహించేదేమో. నిజం కాబట్టే తట్టుకోలేకపోయింది.

"అది చెమట కాదన్నయ్యా" అంది, స్క్రూడ్రైవర్ పెట్టెలో పడేస్తూ. "టీ డికాషన్. నిన్న పొద్దున నేనే కాచాను."

మూడ్ సారు దగ్గాడు. ఇంటావిడ ఫోనులోకి చూసింది.

"ఏమంటున్నావే?"

"అంచు కింద తడిమి చూడు. చిన్నప్పుడు నేను రంపంతో కోసిన గంటు ఎక్కడుంది? దాని పక్కనే పెరిగావుగా. తడుము."

అతను తడిమాడు. ముందు ఈ పక్క, తర్వాత ఆ పక్క. ఇస్త్రీ చొక్కాతోనే మోకాళ్ల మీద కూర్చుని అడుగున కూడా తడిమాడు. లేచేసరికి ముఖం పాలిపోయింది.

"నాన్న బల్ల ఎక్కడుంది?"

"పనిలో ఉంది."

పెట్టె భుజాన వేసుకుని ఆమె బయటికి నడిచింది. వెనకనుంచి ఇంటావిడ గొంతు వినబడింది: "ఇంతకీ ఆ ఫొటో బాగా వచ్చిందా?"

వీధి గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. బాత్రూమ్ తలుపులోంచి అన్నయ్య ఇంకా కనబడుతున్నాడు. మళ్లీ వంగి, అబద్ధపు బల్ల అంచు వెంట వేళ్లతో వెతుకుతూనే ఉన్నాడు.

ఇంటికెళ్లేదాకా కోపం దిగలేదు. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఒక టేకు ముక్క తెచ్చి కుడి కొసనున్న వైస్‌లో బిగించింది. ఎడమ చేత్తో చిత్రిక పట్టి ముందుకు తోసింది. నడుం మెలిపడలేదు.