ఏరియల్‌కు కట్టిన రాగి రేకు

ఓబులరెడ్డి పాత కారులోని రేడియోకు వింత జబ్బు పట్టుకుంది. నంద్యాలలో మెకానిక్ యోబు షెడ్డులో ఉన్నంతసేపూ చక్కగా పాడుతుంది. ఆళ్లగడ్డ పక్కన సొంత ఊరికి వచ్చేసరికి బుసకొట్టడం తప్ప ఇంకేమీ చేయదు.

"దానికి నంద్యాల నీళ్లే పడతాండాయేమో. నువ్వూ ఆణ్నే కాపురం పెట్టరాదా?" అని అరుగు మీదివాళ్లు ఎకసెక్కాలాడారు.

మామూలప్పుడైతే అతనూ నవ్వేవాడే. కానీ ఆ శుక్రవారం సాయంత్రం విజయవాడ కేంద్రం నుంచి కూతురు రంగనాయకి మొదటిసారి పాడబోతున్నది. ఊరికింకా కరెంటు రాలేదు. కారు బ్యాటరీతో పలికే ఆ రేడియో ఒక్కటే దిక్కు. పెళ్లయి వెళ్లిన బిడ్డ గొంతు విని భార్య చెంచమ్మకు ఏడాది దాటింది.

ఆ పొద్దున ఓబులరెడ్డి మళ్లీ నంద్యాల బయలుదేరాడు.

ఏడాది కిందట శిరివెళ్ల దగ్గర కారు కాలువలోకి జారింది. చెంచమ్మ భయపడి అహోబిలంలో పూజ చేయించిన రాగి రేకు తెచ్చింది. గాలికి ఊడకుండా దాన్ని రాగి తీగతో ఏరియల్‌కు చుట్టి, తీగ కొసను కింద కారు బోల్టుకు బిగించింది. అది లేకుండా బండి కదిలించనని మొగుడి చేత మాట తీసుకుంది. రేడియో మూగబోయిందీ ఆ రోజుల్లోనే. కాలువలో కుదుపుకు లోపలేదో కదిలిందని అందరూ అనుకున్నారు.

యోబు ఎప్పటిలాగే ముందు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. అతను చర్చికి పోయే మనిషే అయినా, నూనె చేతులతో ఎవరి దేవుణ్నీ ముట్టుకోడు. రేకును విప్పి, ఉతికిన గుడ్డలో చుట్టి అలమరలో పెట్టాడు. తర్వాత రేడియో విప్పి చూశాడు. వాల్వులు వెలుగుతున్నాయి. ఫ్యూజు బాగుంది. తిప్పగానే పాట ఖంగుమంది.

"దీనికేం రోగం లేదు రెడ్డన్నా."

"ఇంటి కాడ సచ్చిపోతాది గదప్పా!"

ఎప్పుడూ రేడియో ఆపి రేకు కట్టుకునేవాడు ఓబులరెడ్డి. ఆ రోజు ఆపితే మళ్లీ పలకదేమోనని భయపడి, పాడుతుండగానే కట్టసాగాడు. తీగ కొస బోల్టుకు తగలగానే పాట ఆగిపోయింది. వదులు చేశాడు. పాడింది. బిగించాడు. ఆగింది.

యోబు కడిగిన చేతుల్నే మళ్లీ తుడుచుకుంటున్నాడు.

"చూసినావా?" అన్నాడు ఓబులరెడ్డి.

"చూసినా. ఏరియల్ పట్టిన పాట తీగెమ్మడి బండి రేకుల్లోకి దిగిపోతాండాది. రేడియో దాకా రాదు." యోబు గొంతు తగ్గించాడు. "దేవుని వస్తువు. ఊడదీయమని నేనెట్ల చెప్పేది?"

ఓబులరెడ్డికి నవ్వొచ్చింది. "నువ్వు భక్తిగా విప్పితే పాడింది. నేను భక్తిగా కడితే ఆగింది. ఎవురినని తిట్టేదప్పా?"

రేకును జేబులో వేసుకుని పోవచ్చు. అయినా బోల్టు బిగించే బయలుదేరాడు. ఒక తల్లి బిడ్డ పాట వినకుండా అడ్డం పడాలని నరసింహస్వామి అనుకుంటాడా? అనుకోడు. ఆ సంగతి తనకూ తెలుసు. కానీ మాటిచ్చింది స్వామికి కాదు, చెంచమ్మకు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆమె వాకిట్లో చాప పరుచుకుని కూర్చుని ఉంది.

"బాగైందా?"

అతను జరిగిందంతా చెప్పాడు. ఆమె మొహం వాడిపోయింది.

"అంటే బిడ్డ గొంతు నొక్కింది నేనేనా?"

"నువ్వు కాదమ్మే, ఆ తీగె."

"మరి దావలో ఇప్పేయకపోతివా?"

"నీకు మాటిచ్చింటి గదా."

ఆమె లేచి, రేకుకు దణ్ణం పెట్టి, తన చేత్తోనే తీగ విప్పింది.

అతను రేడియో పెట్టాడు. అది వేడెక్కి, గురగురమంది. ఉన్నట్టుండి రంగనాయకి గొంతు పలికింది. చెంచమ్మ రేకును గుప్పిట్లో పట్టుకుని కారు తలుపుకు ఆనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జలుబు చేసినట్టుండాది బిడ్డకు," అంది.

"సరిగ్గా పాడతాండాది లేమ్మే!"

"నీకేం తెలుసు? ఊరుకో."

పాట అయిపోయాక అతను రేకు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. పసుపుదారం తెచ్చి, కారులోకి వంగి, స్టీరింగుకు కట్టింది.

"ఈడైతే పాట ఆగుతాదా?"

"ఆగదు."

"స్వామికేమన్నా తక్కువైతాదా?"

ఓబులరెడ్డి దారం ముడి సరిచూశాడు.

"ఇన్నాళ్లూ ఎండలో బయట నిలబడె. ఇంక లోపల కూర్చోని ఆయప్పా పాట ఇంటాడులే."