నంబర్లు చెరిగిన రాళ్ళు

భూగర్భ పరిశోధన ఆఫీసులోని రాళ్ళ గోదాము మీద ఇరవై ఆరేళ్ళుగా ఒకే మనిషి పెత్తనం. బోరు మిషను భూమిలోంచి తీసిన గుండ్రటి రాతి ముక్కల్ని పెట్టెల్లో వరుసగా సర్ది, ఏది ఎంత లోతులో దొరికిందో దాని మీదే రాసిపెట్టడం ఆయన పని. అందుకే ఆఫీసంతా ఆయన్ని నంబర్ల బాబాయ్ అంటారు. పెయింటుతో రాయమని పైవాళ్ళు ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆయన సిరా పెన్ను వదల్లేదు. పెయింటుతో అయితే తన చేతిరాత అందం చెడుతుందని ఆయన బాధ.

ఒక సోమవారం పొద్దున తాళం తీసేసరికి గోదాములో మడమల లోతు నీళ్ళు. గోడలో పైపు పగిలింది. తడిసిన చెక్క అర కూలి, రెండు పెట్టెలు బోర్లా పడ్డాయి. పదిహేడు ముక్కలు నీళ్ళపాలు. ఒక్కదాని మీదా అంకె లేదు.

ఆ బోరు వేయడానికి రెండు నెలలు పట్టింది. బాబాయ్ నీళ్ళు తోడి, ముక్కల్ని బల్ల మీద పరిచి, గుర్తున్నంత వరకు వరుస పెట్టాడు. ఏడెనిమిది ముక్కల దగ్గర ఏమీ తోచలేదు. ఉజ్జాయింపుగా రాసేస్తే ఎవరు పట్టుకుంటారు? పెన్ను మూత కూడా తీశాడు. చెయ్యి ముందుకు పోలేదు. ఇన్నేళ్ళలో తెలియని అంకె ఒక్కటీ రాయలేదు మరి.

మూత పెట్టేసి, మేడ మీదున్న పుప్పొడి మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె చేరి ఏడాది అయింది. రాళ్ళలో కోట్ల ఏళ్ళుగా చిక్కుకున్న పుప్పొడిని మైక్రోస్కోపులో చూసి లెక్కపెడుతుంది, దాన్నిబట్టి ఏ పొర పైదో ఏది కిందిదో చెబుతుంది. "కంటికి ఆనని దుమ్ము లెక్కపెట్టడానికి కూడా జీతమిస్తారా తల్లీ?" అని ఆయన ఎన్నోసార్లు ఆటపట్టించాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రండి బాబాయ్ గారూ, అలా ఉన్నారేంటి?"

జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె నవ్వలేదు, దెప్పలేదు.

"వరుస తెలిస్తే చాలు కదా? తర్వాత పొడవులు కొలిచి లోతు లెక్క మీరే కట్టొచ్చు. కానీ పదిహేడు ముక్కలంటే నా ఒక్కదానివల్ల కాదు. రాయి నూరిపెడతారా?"

"నూరమంటే నూరతాను, ఊడవమంటే ఊడుస్తాను."

మూడు వారాలు పట్టింది. ప్రతి ముక్క నుంచి గోరంత చెక్కి ఆయన రోట్లో నూరేవాడు. ఆమె దాన్ని ఆమ్లంలో వేసేది. రాయంతా కరిగిపోయినా పుప్పొడి పైతొడుగు మాత్రం కరగదు. అదే అడుగున మిగులుతుంది. మొదటిసారి మైక్రోస్కోపులో కన్ను పెట్టి బాబాయ్ కేకేశాడు.

"ఇదేంటమ్మా, రెండు చెవుల ఎలుక మొహంలా ఉంది!"

"అవి చెవులు కాదు, గాలి సంచులు. గాల్లో తేలడానికి. పై పొరల్లో ఇలాంటివే ఎక్కువ. కిందికి పోయేకొద్దీ, ఇదిగో, ఇలా చుట్టూ ఒకటే సంచి ఉన్నవి, టోపీ అంచులాగా."

అప్పటి నుంచి ఆయన నూరడంతో ఆగలేదు. చెవులవి ఎన్ని, టోపీలవి ఎన్ని అని తనూ లెక్కపెట్టేవాడు. ఇంటికి వెళ్ళి అవే కబుర్లు. "పెళ్ళయినప్పటి నుంచీ ఆఫీసు మాటెత్తని మనిషి, ఇప్పుడు నోరు మూయడే!" అని భార్య విస్తుపోయింది.

పదహారు ముక్కలు పేచీ లేకుండా కుదిరాయి. ఒక్క నల్లటి ముక్క దగ్గరే మాట తేడా వచ్చింది. అందులో టోపీలవే ఎక్కువ కాబట్టి అది అట్టడుగుదని ఆమె అంది.

"కాదమ్మా. ఇది పైదే. దీన్ని ఎత్తి పెట్టెలో పెట్టింది నేను. బరువు నా చేతికి గుర్తుంది."

"చేతి గుర్తు కాగితం మీద ఎలా రాస్తాం బాబాయ్ గారూ?"

ఆయన ఆ ముక్కను కుళాయి కింద పెట్టి, అంచుకు పట్టిన బురదంతా బ్రష్షుతో తోమాడు. మిగతావన్నీ రంపంతో కోసినవి. ఇది మాత్రం విరిగిన ముక్క. పై వరుసలో మూడోదాని అంచు కూడా అలాగే విరిగి ఉంది. రెంటినీ దగ్గర చేర్చాడు. వెంట్రుకంత సందు లేకుండా అతుక్కున్నాయి.

ఆమె గబగబా స్లైడు మళ్ళీ చూసింది. కాసేపటికి పకపకా నవ్వింది.

"టోపీలన్నీ నల్లగా మాడి, అంచులు చిరిగి ఉన్నాయి. ఏదో పాత రాయి అరిగితే అందులోంచి ఊడి, ఏటి నీళ్ళలో కొట్టుకొచ్చి కొత్త మట్టిలో కలిశాయి. అరువు పుప్పొడి! నేను బోల్తా పడ్డాను. మీరే లేకపోతే తప్పు రాసి పంపేదాన్ని."

ఇద్దరూ కలిసి నివేదిక రాసుకుని పెద్ద ఆఫీసరు దగ్గరికి వెళ్ళారు. సిరా ఎందుకు వాడారని ఆయన అడిగాడు. "నా మొండితనం సార్" అన్నాడు బాబాయ్. ఆఫీసరు నివేదిక చివరిదాకా చదివి, పెయింటు డబ్బాలు తెప్పించమని గుమాస్తాకు చెప్పాడు. బాబాయ్ రోజూ మధ్యాహ్నాలు తన గదిలో పని చేస్తే బాగుంటుందని మేడమ్ అంటే ఆఫీసరు సరేనన్నాడు.

ఆ నెలాఖరులో బాబాయ్ భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కళ్ళజోడు తీసి, మైక్రోస్కోపు మీదికి వంగింది.

"ఎప్పటిదండీ ఇది?"

"ఇరవై ఎనిమిది కోట్ల ఏళ్ళ నాటిది" అన్నాడాయన, తనే పండించినంత గర్వంగా.

"అయితే తొందరేముంది? ఆ స్టూలు ఇటు లాగండి, కూర్చుని చూస్తాను."

బాబాయ్ స్టూలు లాగి వేశాడు.