ఎత్తిన చెయ్యి

లౌడ్‌స్పీకరును స్తంభానికి కట్టే తాడు రెండో చుట్టు తిప్పుతుండగా జేబులో ఫోను మోగింది. ఆయన తియ్యలేదు. నిచ్చెన మీద ఉండగా ఫోను తియ్యకూడదన్నది భార్య పెట్టిన నియమం. చేస్తున్నది ఆ భార్యేనని తెలిసినా సరే, ముడి బిగించి, గొట్టం మూతిని హాస్టలు కిటికీల వైపు తిప్పి, ఒక్కో మెట్టూ దిగి, రెండు కాళ్ళూ నేలకు ఆనాకే తీశాడు.

“దిగారా?” అంది ఆవిడ.

“దిగాను.”

“ఆ మూతి తెచ్చి మా కిటికీకే పెట్టారేంటి? ఇన్నేళ్ళూ నా నోరు మీరు భరించారని ఇప్పుడు మీ మైకు నేను భరించాలా?”

“లోపలున్న అందరికీ వినబడాలన్నారు.”

“వినబడనీండి. వినడం తప్ప మాకు మాత్రం పనేముంది.”

ఆవిడ గొంతు కాస్త బొంగురుగా ఉంది. అదేమిటని అడిగితే ఇక్కడి నీళ్ళు పడటం లేదంది. మనవరాలి మెడ మీద చెమటకాయలు తగ్గాయా అని అడిగింది. వంటింట్లో పైఅరలో కొత్త అగ్గిపెట్టెలు ఉన్నాయనీ, కూతురికి కనబడవనీ, ఆయనే తీసివ్వాలనీ చెప్పింది.

“ఏవండీ, నాకు ఇంటికి రావాలనుంది.”

ఉప్పు ఇటు అందుకోండి అన్నంత మామూలుగా అంది.

“ఊఁ,” అన్నాడాయన.

ఆయన ఊఁ అంటే సందర్భాన్ని బట్టి అవుననీ, కాదనీ, చూద్దామనీ, నన్నొదిలెయ్యమనీ రకరకాల అర్థాలు కట్టుకోవడం ఆవిడకి కాపురమంతా అలవాటే. ఈసారి ఏ అర్థం కట్టుకుందో, ఫోను పెట్టేసింది.

ఊళ్ళో ఆయన్ని అందరూ మైకు మావయ్య అంటారు. పొట్టి మనిషి. వైరు చుట్టలు మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. వేళ్ళ చివరలు టేపు జిగురుతో ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. పెళ్ళిళ్ళకీ, ఎన్నికలకీ, సంతాపసభలకీ, తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికీ ఆయన మైకే కావాలి. రెండు పార్టీలవాళ్ళూ ఒకే రోజు పిలిచినా వెళ్ళేవాడు. మైకుకి పార్టీ ఏముంటుంది? ఆ మైకులో ఆయన మాత్రం “హలో, హలో, వన్, టూ, త్రీ” అన్నాడే తప్ప ఏనాడూ నాలుగో అంకె అన్న పాపాన పోలేదు. “మా ఇంట్లో మైకు నేను, ఆయన స్టాండు” అని భార్య వచ్చినవాళ్ళందరినీ నవ్విస్తుంది. స్టాండు కూడా నవ్వుతుంది.

ఆవిడ తన అక్కకి కంటి ఆపరేషను అయిందని చూడ్డానికి వెళ్ళి తిరుగు బస్సెక్కింది. ఆ బస్సు ఊళ్ళోకి వచ్చేసరికే వెనక సీట్లో ఒక మనిషి పోయి ఉన్నాడు. కొత్త జ్వరం. అది పట్టినవాళ్ళు పొద్దున పలకరించి సాయంత్రానికి ఉండరని అప్పటికే నాలుగు ఊళ్ళ నుంచి కబుర్లు వస్తున్నాయి. మిగతావాళ్ళని దింపకుండానే అదే బస్సులో ఊరి చివర ఖాళీగా ఉన్న హాస్టలుకి తీసుకెళ్ళి గేటుకి తాళం వేశారు. ఆయన బస్టాండులో సైకిలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. బస్సు ఆయన ముందు నుంచే వెళ్ళింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆవిడ, దిగాల్సిన చోటు దాటిపోతోందని డ్రైవరుని కేకేస్తూ కనబడింది.

ఆనాటి నుంచి లోపలున్నవాళ్ళకి బస్సువాళ్ళని పేరు పడింది. వాళ్ళలో ఇద్దరికి జ్వరం వచ్చింది. వాళ్ళని అక్కడే ఉంచాలా, ఇళ్ళకి పంపాలా అన్న దాని మీద ఊరు రెండుగా చీలింది. టీ కొట్టు దగ్గర మాటా మాటా పెరిగి, చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఇప్పుడు చెరో వైపూ నిలబడి తాగుతున్నారు. చివరికి ఈ మధ్యాహ్నం హాస్టలుకి ఎదురుగా, ఆటస్థలానికి ఇవతల ఉన్న హాల్లో సభ పెట్టారు. తమ గురించి మాట్లాడుకునేది లోపలివాళ్ళకి వినబడాలని పంతులమ్మ పట్టుబట్టింది. ఆవిడ భర్త కూడా ఆ బస్సులోనే వచ్చాడు. అందుకే ఈ గొట్టం కంచె దాకా వచ్చింది.

ఆయన భోజనానికి ఇంటికి వెళ్ళాడు. అల్లుడు లారీ మీద తిరుగుతుంటాడు కాబట్టి కూతురు నెలల పిల్లతో వీళ్ళ దగ్గరే ఉంటుంది. కంచంలో అన్నం పెడుతూ అడిగింది.

“అమ్మ ఫోన్ చేసిందా?”

“ఊఁ.”

“ఏమంది?”

“రావాలనుందంది.”

గరిటె గిన్నెలోనే ఆగింది. “రానీ. ఎక్కడికొస్తుంది మరి,” అంది. కూర వేసి, నీళ్ళు పెట్టి, ఎదురుగా పీట మీద కూర్చుంది. “ముందు గదిలో మంచం వేద్దాం. పాపా నేనూ వెనక గదిలోకి పోతాం.” ఇల్లంతా కళ్ళతోనే ఒకసారి కొలిచింది. ఎంత కొలిచినా రెండు గదులే. “బాత్రూముకి వెళ్ళాలంటే మాత్రం వెనక గదిలోంచే కదా నాన్నా.”

ఆయన అన్నం కలుపుకున్నాడు.

“నేను వద్దన్నానని అమ్మతో అనకు.”

“నువ్వేమన్నావని?”

“అదే. నేనేమీ అనలేదు.”

పాప ముందు గదిలో బోర్లా పడి నిద్రపోతోంది. మెడ మీద చెమటకాయలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చెయ్యి తుడుచుకుంటూ ఆయన గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాడు. వంటింట్లో పైఅరలోంచి అగ్గిపెట్టెల కట్ట తీసి పొయ్యి పక్కన పెట్టి, సైకిలెక్కాడు.

హాలు నిండిపోయింది. కుర్చీలు ఎడంగా వేయించారు గానీ జనం వాటిని మెల్లమెల్లగా దగ్గరికి లాక్కున్నారు. ఆయన వేదిక పక్కన ఆంప్లిఫయరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గట్టిగా అరిచేవాళ్ళకి తగ్గించాలి, నోట్లో నోట్లో మాట్లాడేవాళ్ళకి పెంచాలి. చెవులు గొంతుల మీద ఉంటాయి గానీ మాటల మీద ఉండవు. ఇవాళ మాత్రం మాటలు కూడా వినబడుతున్నాయి.

“ఇది శిక్ష కాదండీ, జాగ్రత్త,” అన్నాడు మందుల షాపాయన. “పొయ్యి దగ్గరికి పాకే పిల్లని దూరంగా కూర్చోబెడితే శిక్షంటారా?”

“బయటి నుంచి తాళం వేసిన జాగ్రత్త నేనెక్కడా చూళ్ళేదు బాబూ,” అంది పంతులమ్మ. సగం హాలు చప్పట్లు కొట్టింది. “జ్వరం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ అక్కడ ఒకటే బాత్రూము. లేనివాళ్ళకి మనమే అంటిస్తున్నాం. ఇళ్ళకి పంపండి. తలుపులకి కాగితాలు అంటించండి, కాపలా పెట్టుకోండి, ఎవరు కాదన్నారు?”

“మీ ఇల్లు పెద్దది పంతులమ్మా,” వెనక నుంచి పాలమ్మే ఆవిడ లేచింది. ఆయన మైకు తీసుకెళ్ళి అందించాడు. “మాకు గోడా గోడా ఒకటే. పక్కింట్లో తుమ్మితే మా ఇంట్లో దీపం ఊగుద్ది.”

“నీ మొగుడే ఆ బస్సులో ఉంటే?” అన్నారెవరో.

“ఉంటే నయమే, నాలుగు రోజులు కంటినిండా నిద్రపోయేదాన్ని.” హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. మైకు ఇంకా చేతిలోనే ఉంది. “ఉంటే ఏమనేదాన్నో నాకు తెలీదమ్మా,” అని చెప్పి కూర్చుంది.

ఎవరు మాట్లాడితే అప్పటికి వాళ్ళదే నిజమనిపించింది ఆయనకి. ఒకటే బాత్రూమన్నదీ నిజమే, గోడా గోడా ఒకటన్నదీ నిజమే.

పంతులమ్మ ఆయన వైపు తిరిగింది. “అన్నయ్యా, మీ ఆవిడ కూడా లోపలే ఉంది. ఇన్నేళ్ళు అందరి గొంతులూ వినిపించారు. మీరూ ఒక మాట చెప్పండి.”

ఆయన లేచి స్టాండు దగ్గరికి నడిచాడు. కిటికీలోంచి దూరంగా హాస్టలు కనబడుతోంది. మైకు మీద వేలితో రెండుసార్లు తట్టాడు. అవతల కంచె దగ్గర ఆయన కట్టిన గొట్టంలోంచి అదే టకటక కాస్త ఆలస్యంగా తిరిగి వచ్చింది.

“నాలుగు చెప్పు మావయ్యా,” అన్నాడెవడో కుర్రాడు.

మళ్ళీ నవ్వులు. ఆయన కూడా చిన్నగా నవ్వి, తర్వాత మాట్లాడాల్సిన సభ ఛైర్మన్ ఎత్తుకి తగ్గట్టు స్టాండు మర సరిచేసి, వెనక్కి వచ్చేశాడు.

ఛైర్మన్ తేల్చేద్దామన్నాడు. జనం లేచి నిలబడ్డారు, ముందుకి తోసుకొచ్చారు. హాస్టలుకి వెళ్ళే వైరు నడవ మధ్యలో కాళ్ళ కింద పడి నలుగుతోంది. ఎవరి కాలికైనా తట్టుకుంటే ఆంప్లిఫయరే కింద పడుతుంది. ఆయన జనంలోంచి దూరి, వైరు పైకి తీసి, కిటికీ పక్కన గోడకి ఉన్న మేకుకి తగిలించడానికి మునివేళ్ళ మీద లేచాడు.

“బస్సువాళ్ళని అక్కడే ఉంచాలనేవాళ్ళు చేతులెత్తండి.”

వైరు మేకుకి తగులుకుంది. చెయ్యి దించుదామనే అనుకున్నాడు. చుట్టూ చేతులు లేచాయి, కొన్ని గబుక్కున, కొన్ని పక్కవాళ్ళని చూసి. ఆయన చెయ్యి వాటి మధ్య, మేకు దగ్గరే ఉంది. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు. వేళ్ళు వైరుని వదిలేశాయి కూడా. ముందు గదిలో బోర్లా పడుకున్న పిల్ల మెడ, ఇంటికి రావాలనుందన్న బొంగురు గొంతు, రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి ఆగాయి. చెయ్యి దిగలేదు.

“మన మైకు మావయ్య కూడా ఎత్తాడు, చూశారా,” అన్నాడు ఛైర్మన్. “సొంత మనిషి లోపలుండి కూడా ఎత్తాడు. అదీ పెద్దమనిషి తరహా.”

ఆ మాట హాల్లో ఒకసారి, కంచె దగ్గర ఒకసారి వినబడింది.

ఆయన చెయ్యి లేకపోయినా తేడా ఏమీ ఉండేది కాదు. ఉంచాలన్నవాళ్ళే చాలా ఎక్కువమంది. జనం వెళ్ళిపోతుంటే మందుల షాపాయన వచ్చి భుజం తట్టాడు. ఆయన స్టాండు విప్పి, కాళ్ళు మడిచి, గుడ్డలో చుట్టాడు. పంతులమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

“మీరు కూడానా అన్నయ్యా?”

“వైరు...” అన్నాడాయన. ఆవిడ కాసేపు చూసి వెళ్ళిపోయింది.

సామానంతా సర్దేసరికి గంట దాటింది. అప్పుడు భార్యకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. కోపం వచ్చుంటుందనుకున్నాడు. వస్తే మంచిదే, కోపం వస్తే ఆవిడ తప్పకుండా మాట్లాడుతుంది. వైరు మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టలు చుట్టుకుంటూ ఆటస్థలం దాటి కంచె దాకా వచ్చాడు. నిచ్చెన వేసి, సగం ఎక్కి, తాడు ముడి మీద చెయ్యి వేశాడు.

“మావయ్యా, ముందు దిగండి.”

కంచెకి అవతల, కాస్త ఎడంగా నర్సు నిలబడి ఉంది. తల నుంచి కాళ్ళ దాకా తొడుగులో ఉంది, కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆయన దిగాడు.

“పొద్దుట్నించే ఒళ్ళు కాలుతోందట. ఎవరికీ చెప్పలేదు. చెబితే లోపలి గదిలోకి మారుస్తామని, అక్కడైతే కిటికీ ఉండదని. మీటింగయ్యాక మంచినీళ్ళడిగింది. నేను తెచ్చేసరికి ఒరిగిపోయి ఉంది. డాక్టరుగారు చూసి చేతులెత్తేశారు.”

ఆయన చేతిలో వైరు చుట్ట ఉంది. దాన్ని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

“చూడనివ్వరా?”

“ఇవ్వరు మావయ్యా. అప్పుడే మావాళ్ళు తీసుకెళ్ళిపోయారు కూడా.”

ఎక్కడికని అడగలేదు. “మీటింగు మీకు వినబడిందా?” అన్నాడు.

“చెవులు గింగుర్లెత్తేలా వినబడింది. మీరు చెయ్యెత్తారనగానే పక్క మంచాలవాళ్ళు అత్తయ్యని పట్టుకున్నారు, మీ ఆయనకి నువ్వొద్దంటనే అని.” తొడుగులోంచి ఊపిరి చప్పుడు వినబడుతోంది. “ఆవిడ నవ్వింది. ‘ఆయన మొహం, వైరు పట్టుకోడానికి ఎత్తుంటాడు. ఇంట్లో దేనికీ చెయ్యెత్తే మనిషి కాదు, ఊళ్ళోవాళ్ళకి ఎత్తుతాడా’ అంది.”

ఆయన ఊఁ అనలేదు.

నర్సు లోపలికి వెళ్ళిపోయింది. ఎండ ఇంకా ఉంది. గొట్టం దింపాలి, రాత్రి వానొస్తే తడుస్తుంది. ఆయన మళ్ళీ నిచ్చెనెక్కాడు. పొద్దున తనే బిగించిన ముడి, గోళ్ళతో లాగినా రాలేదు. పళ్ళతో పట్టి లాగితే వదులైంది. గొట్టాన్ని చంకలో ఇరికించుకుని తల తిప్పితే, అంత ఎత్తు నుంచి భార్య ఉన్న కిటికీ గట్టు బాగా కనబడింది. లోపల మంచం మీద పరుపు లేదు. కిటికీ తలుపులకి అడ్డంగా పసుపు రంగు పట్టీ అంటించి ఉంది. మందు కొట్టేదాకా మిగతావి ఎవరూ ముట్టుకోరు. గట్టు మీద ఒక పళ్ళెం ఉంది. హాస్టలు వంటకి ఎవరో పురమాయించి ఉంటారు, లేదా ఊరికే కూర్చోలేక ఆవిడే అడిగి తెచ్చుకుని ఉంటుంది. పళ్ళెంలో ఒక పక్కన వలిచిన పచ్చి బఠాణీలు, ఇంకో పక్కన వలవాల్సిన కాయలు. వాటి మధ్య ఒక కాయ సగం దాకా విచ్చుకుని ఉంది, గింజలు వరసగా లోపలే ఉన్నాయి.