గట్టు ఎత్తు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇల్లు బాగుచేసి చూడు, అలిగిపోయిన పెళ్లాన్ని పిలిచి చూడు అని మాత్రం అనలేదు. ఆ రెండూ ఒకేసారి నెత్తినేసుకున్నవాడు మెదక్‌లో మోటర్లు బాగుచేసే కరుణాకర్.

కరుణాకర్ చేతిలో పనితనం లేదని పగవాడు కూడా అనడు. హవేలిఘనపూర్ దిక్కు ఏ పొలంలో మోటరు కాలినా అతనికే ఫోను వచ్చేది. అన్నం ముందు నుంచి లేచి వెళ్లేవాడు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. తండ్రి కట్టిన పెంకుటిల్లు వానొస్తే కారేది. వంటింట్లో గట్టు లేక గ్యాస్ పొయ్యి నేల మీదే ఉండేది. భార్య భూలక్ష్మి మోకాళ్లు పట్టుకుని కూర్చుని, మోకాళ్లు పట్టుకుని లేచి వండేది. నిలబడి వండుకోవడానికి ఒక గట్టు కట్టమని ఏళ్ల తరబడి అడిగింది. నాట్లు కానీ అన్నాడు, కోతలు కానీ అన్నాడు. నాట్లూ అయ్యాయి, కోతలూ అయ్యాయి, గట్టు ఒక్కటే కాలేదు.

పోయిన వానాకాలం ఉడుకుతున్న అన్నంలో కప్పు నుంచి మట్టినీళ్లు పడ్డాయి. భూలక్ష్మి ఏడవలేదు, తిట్టలేదు. పొయ్యి ఆర్పి బట్టలు సర్దుకుంది.

"ఊరందరి పని నీ చేత్తోని చేస్తవ్. నా పని ఒక్కటి నీ చేత్తోని చెయ్యి. కూలోళ్లను పెట్టి కాదు, నువ్వే. అయినంక పిలువు, వస్త" అని, అల్లాదుర్గ్‌లో అన్న ఇంటికి వెళ్లిపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో కరుణాకర్‌కు అప్పుడు తెలిసింది. పొద్దున షాపు, మధ్యాహ్నం నుంచి ఇల్లు. పెంకులన్నీ దించి కడిగి, పగిలినవి మార్చి మళ్లీ పేర్చాడు. గోడల సున్నం గీకి, లప్పం పట్టి, లేత పసుపు రంగు వేశాడు. పనిలో ఉన్నంతసేపు బాగానే ఉండేది. రెండు ముద్దలు వండుకుని తినేటప్పుడు మాత్రం, ఎదుట భూలక్ష్మి పీట కంటపడకుండా గోడవైపు తిరిగి కూర్చునేవాడు. బెంగ అది. మగవాడికి వచ్చినంత మాత్రాన దానికి వేరే పేరు పెట్టనక్కర్లేదు.

చివరికి గట్టు దగ్గరికి వచ్చాడు. ఇటుకలతో రెండు కాళ్లు లేపి, పైన నల్ల బండ పరిచి, సిమెంటు పెట్టేముందు చూసిపొమ్మని పక్కింటి ఖుర్షీదాను పిలిచాడు. ఆమెకు బజారులో గాజుల దుకాణం.

"మస్తు చేసినవ్ భాయ్" అంటూ వచ్చి, ఆమె గట్టు ముందు నిలబడింది. నిలబడి నవ్వింది. "గిది ఎవరికి?"

"భూలక్ష్మికే, ఆపా."

"నా ఛాతి దాక వచ్చింది సూడు. ఆమె నాకన్న పొట్టి. కూర ఉడికిందో లేదో సూడాల్నంటే పీట ఎక్కాలె. నువ్వు నీ నడుముకు పెట్టి కట్టుకున్నవ్."

నిజమే. ఇన్ని నెలలు తనే వండుకుని తిన్నాడు కదా, తన చేతికి అనువైన ఎత్తుకే కట్టేశాడు.

"మరి ఎంత పెట్టాలె ఆపా?"

"ఆమె చెయ్యి సైజు నాకెరికే, పెండ్లయిన కాన్నుంచి నేనే గాజులు ఏస్తున్న. ఎత్తు నువ్వు చెప్పాలె."

కరుణాకర్ అరచెయ్యి తన గుండె దగ్గర పెట్టుకుని చూశాడు, ఇక్కడికా అని. భుజం దగ్గర పెట్టి చూశాడు. ఏ మోటరుకు ఎన్ని చుట్ల రాగితీగో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి, భార్య తన ఎక్కడికి వస్తుందో చెప్పలేకపోయాడు.

అప్పుడు అద్దం గుర్తొచ్చింది. వంటింట్లో పక్క గోడకు భూలక్ష్మి తన ముఖానికి సరిపోయేటట్టు మేకు కొట్టి అద్దం పెట్టుకుంది. అందులో గడ్డం గీసుకోవాలంటే అతను వంగాల్సి వచ్చేది. వంగిన ప్రతిసారీ సణిగేవాడు. అద్దం పక్కనే ఆమె పాత బొట్టుబిళ్లల వరస. పాతది గోడకు, కొత్తది నుదుటికి. గోడ ఖరాబు చేస్తున్నావని దానికీ సణిగేవాడు. ఇప్పుడు ఆ మేకు లేదు, తూటును లప్పంతో పూడ్చాడు. బిళ్లలు సున్నంతో పాటే గీకేశాడు. ఆమె కోసం ఇల్లు కొత్తది చేస్తూ చేస్తూ, ఇంట్లో ఆమె జాడ లేకుండా చేశాడు.

ఎంత వంగేవాడో ఒంటికైనా గుర్తుంటుందేమోనని, ఉత్త గోడ ముందు నిలబడి వంగి చూశాడు. ఒకసారి ఇంత, ఒకసారి అంత.

"నడుము పట్టిందా భాయ్?" అంది ఖుర్షీదా. సంగతి విన్నాక ఆమె నవ్వు ఆగిపోయింది. "పరేషాన్ గాకు. ఫోన్ చేసి అడుగు."

అడగడం అంత తేలికా? అయినంక పిలువు అంది. కాకముందే చేసి, నీ ఎత్తు కూడా నాకు తెలియదు అంటే, ఇక ఎందుకు వస్తుంది? ఆ భయంతోనే ఫోన్ చేశాడు.

"అయిందా?" అంది భూలక్ష్మి.

"కాలే. గట్టు నా ఎత్తుకు కట్టిన. ఊడదీస్తున్న. నీ ఎత్తెంతనో… యాదికొస్తలేదు."

అటువైపు కుక్కరు విజిల్ వేసి ఆగింది.

"ఇన్నేండ్లు పక్కకున్న. తెల్వదా?"

"తెల్వదు లక్ష్మీ."

ఏదో ఒక అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు.

"ఐతారం వస్త. కొల్సుకో. మల్ల సాయంత్రం బస్సుకే పోత."

ఆదివారం భూలక్ష్మి వచ్చింది. ముందు తల ఎత్తి కప్పు చూసింది. తర్వాత వంటింట్లో గోడ పక్కన నిలబడి, కూర కలుపుతున్నట్టు మోచెయ్యి వంచింది. కరుణాకర్ మోకాళ్ల మీద కూర్చుని, ఆ మోచేతికి కాస్త కింద గోడ మీద పెన్సిల్ పెట్టాడు. ఆమె జడ నుంచి కొబ్బరినూనె వాసన వచ్చింది. పెన్సిల్ పక్కకు జారింది.

"గీత వంకర పోయింది" అంది.

"ఉండిపోరాదు, లక్ష్మీ."

"ఉండి యాడ వండాలె? గట్టే లేకపాయె." గోడ వైపు తిరిగింది. "నా బొట్లేవి?"

"గీకేసిన. బుద్ధి లేక గీకేసిన."

ఆమె పెరట్లో ముఖం కడుక్కుని వచ్చి, సంచి తీసుకుంది. "బండ ఏసినంక రోజు నీళ్లు కొట్టు. ఊకె ఆరిపోనియ్యకు" అంది. అతను బస్టాండు దాకా వెళ్లి, బస్సు మలుపు తిరిగే వరకు నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి లైటు వేస్తే, అద్దం ఉండిన చోట, లేత పసుపు గోడ మీద ఎర్రగా ఒక బొట్టుబిళ్ల.

కరుణాకర్ దాన్ని ముట్టుకోలేదు. పక్కనే మేకు కొట్టి, మూలకు పెట్టిన అద్దం తెచ్చి వేలాడదీశాడు. అందులో అతనికి తన మెడ దాకే కనబడింది. ముఖం కనబడాలంటే వంగాలి. వంగాడు.