కేసు తేలేలోపు

నేను ఒక ఓడను. ఇంజను తీసేసి, గొలుసులతో కట్టేసి, ముడిచమురు దాచే గోదాముగా మార్చిన ఓడను. ఇరవై ఐదేళ్లు పనికొస్తానని నన్ను కట్టినవాళ్లు అన్నారు. నలభై దాటాయి. సిక్కోలు తీరాన గుల్లపేటకు ఎదురుగా నిలబడి ఉన్నాను.

నాలోని చమురు మాదంటే మాదని రెండు కంపెనీలు కోర్టుకెక్కాయి. తీర్పు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోరాదన్నారు. సిబ్బంది దిగిపోయారు. కాపలాకు గుల్లపేట మనిషి సూరాడ ఎర్రయ్య ఒక్కడే మిగిలాడు.

అతను రోజూ సుత్తితో నా రేకుల్ని తట్టేవాడు. మోత మారినచోట సుద్దతో గీత గీసేవాడు. మూడేళ్లలో నా ఒళ్లంతా గీతలే. చిల్లుల్లో చెక్కముక్కలు బిగించి సిమెంటు పూసేవాడు.

వేసవిలో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఎర్రయ్య ఆయనకు ఆ గీతలన్నీ చూపించాడు.

“వానలు పడకముందే ఈ నూనె తోడించీండి బాబూ. రేకు కాయితంలాగైపోనాది.”

“కేసు తేలేదాకా మేం చేసేదేం లేదయ్యా.”

“కేసు తేలేలోపు ఓడ మునిగిపోద్ది బాబూ!”

అధికారి నవ్వి, నాలుగు ఫొటోలు తీసుకుని పడవెక్కాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పెద్ద కెరటాలకు నా నాలుగో ట్యాంకు పక్కరేకు చీలింది. నల్లటి చమురు సముద్రంలోకి దూకింది. పక్క ట్యాంకుల్లోది కూడా అందులోకే పారసాగింది. మధ్యనున్న వాల్వు మూయాలి. దాని చక్రం తుప్పుపట్టి బిగిసిపోయింది. ఎర్రయ్య ఫోనులో అధికారులకు కబురు చెప్పి కిందికి దిగాడు. ఊపిరాడక పైకొచ్చి, మళ్లీ దిగాడు. గడ దూర్చి ఛాతీతో నెడుతూ, “తిరగవే తల్లీ, తిరుగు!” అని నన్ను బతిమాలాడు. గంటకు తిరిగింది. పన్నెండు ట్యాంకుల్లో పదకొండు దక్కాయి.

పోయిన ఒక్కటీ గుల్లపేట ఒడ్డుకే చేరింది. వలలు నల్లబడ్డాయి. పీతలు బొరియల్లోనే చచ్చాయి. ఎర్రయ్య అక్క బంగారమ్మ గంపెత్తుకుని సంతకెళ్తే, వాసన చూసి చేపలు ఎవరూ కొనలేదు. ఒడ్డున దిగిన తమ్ముడి చొక్కా పట్టుకుంది.

“దానిమీదే ఉన్నావు గదరా! ఏటి కాపలా కాసినావు?”

అతను వాల్వు సంగతి చెప్పలేదు. ఆమె పక్కనే కూర్చుని, చమురు పట్టిన ఇసుకను దోసిళ్లతో గోనెలో పోయసాగాడు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. కాపలాదారు నిర్లక్ష్యం వల్లే చమురు కారిందట, అతన్ని తొలగించారు. కేసు మళ్లీ వాయిదా పడింది.

ఇప్పుడు నా మీద మనిషి లేడు. పదకొండు ట్యాంకుల్లోనూ చమురు అలాగే ఉంది. నిన్నటినుంచి ఏడో ట్యాంకు పక్కన నీళ్లమీద సన్నగా రంగుల తెట్టు కడుతోంది. ఒడ్డున గుల్లపేటవాళ్లు కొత్త వలలు పడవల్లోకి ఎక్కిస్తున్నారు.