కత్తెరక్క మొహం

ఆ మీట నొక్కింది నేనే. ఇంకెవరి మీదికీ తోసేయడానికి వీల్లేదు, మా ఆరోగ్య కేంద్రంలో ఉన్నదే నేనొక్కదాన్ని.

కేంద్రమంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వరండా. ముందు గదిలో బెంచీలు, లోపలి గదిలో మంచం, బరువు చూసే యంత్రం, మందుల బీరువా. ఒకప్పుడు డాక్టరు గారి కుర్చీ ఉన్నచోట ఇప్పుడు మూడుకాళ్ళ స్టాండు, దాని నెత్తిన ఫోను. పాత డాక్టరు గారు రిటైరయ్యాక ఆ కుర్చీకి మనిషి దొరకలేదు. ఇంత దూరం వచ్చి ఉండాల్సిన అవసరం ఎవరికి పట్టింది? మూడేళ్ళు ఎదురుచూశాక పైవాళ్ళు ఫోను పంపించారు. ఆరు గంటల ప్రయాణమంత దూరంలో, పట్నంలో కూర్చుని ఒక కుర్ర డాక్టరు గారు అందులోంచి రోగుల్ని చూస్తారు. నేను పక్కన కూర్చుని ఆయన చూపించమన్నది చూపిస్తాను. గొంతు, నాలుక, పుండు, వాచిన పాదం.

మొదట్లో చూపించడంతో ఊరుకునేదాన్ని కాదు. పుండు వాసన ఫోనుకి తెలీదు కదా, అది నేను చెప్పేదాన్ని. పొట్ట గట్టిగా ఉందనో, ఒళ్ళు కాలిపోతోందనో చెప్పేదాన్ని. ఒకరోజు ఒక ముసలాయన కాలు గురించి ఏదో చెప్పబోతుంటే, "నేను చూస్తున్నాను కదా సిస్టర్" అన్నారు డాక్టరు గారు. మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. సరే నాయనా, చూసుకో, నాకెందుకు అనుకున్నాను. ఆ రోజు నుంచి అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప నోరు విప్పలేదు. నా పట్టుదల అలాంటిది.

ఆ మీట సంగతి కూడా చెప్పేస్తాను. ఫోను వచ్చిన మొదటి వారంలోనే ఆయన నన్ను చూసి, "ఒంట్లో బాగాలేదా సిస్టర్? మొహం అలా పీక్కుపోయిందేంటి?" అని అడిగారు. నాకేం రోగం? నా మొహమే అంత. నవ్వేశాను గానీ లోపల చురుక్కుమంది. ఆ సాయంత్రం ఫోనుని అటూ ఇటూ కెలుకుతుంటే కెమెరాలో ఒకచోట "అందం" అన్న మీట కనిపించింది. నొక్కాను. కళ్ళ కింద నలుపు పోయింది, బుగ్గలకి రంగొచ్చింది, పదేళ్ళు తగ్గాయి. అబ్బో అనుకుని అలాగే వదిలేశాను.

మర్నాటి నుంచి రోగులకీ సంబరమే. తెరలో తమను చూసుకుని జుట్టు సర్దుకునేవాళ్ళు. "నీ ఫోనులో పడితే చాలు, సగం రోగం తగ్గిపోతోందమ్మాయ్" అన్నారు వీధిలో ఉండే పాత పోస్టుమాస్టరు గారు. పడీపడీ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నన్ను నేను లెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

కత్తెరక్క మా వీధి చివర బట్టలు కుట్టేది. కత్తెర చేతిలోనూ ఉంటుంది, నోట్లోనూ ఉంటుందని అందరూ పెట్టిన పేరది. నా తోడబుట్టింది కాదు. కానీ నా యూనిఫారాలన్నీ ఆవిడ కుట్టినవే. టేపు నా నడుముకి చుట్టి, "ఏమే నర్సమ్మా, రోగుల బరువేనా, నీది కూడా ఎప్పుడైనా రాసుకుంటావా?" అనేది. ఎవరిచేతా ఒక్క మాట పడనిదాన్ని, ఆవిడ దగ్గర మాత్రం పడేదాన్ని.

ఆ మంగళవారం పదకొండు గంటలకి వచ్చింది. మా వరండా మెట్లు నాలుగే. నాలుగోదాని మీద ఆగి స్తంభం పట్టుకుంది.

"ఏంటక్కా, నాలుగు మెట్లకే ఆయాసమా?"

"వయసు మీద పడుతోందే. మిషను తొక్కుతుంటే కాళ్ళు లాగేస్తున్నాయి, కళ్ళు తిరుగుతున్నాయి. బలానికేమైనా నాలుగు మాత్రలు పడెయ్, పోతాను. స్కూలు బట్టలు నలభై జతలు ఇవ్వాలి."

"డాక్టరు గారికి చూపించకుండా ఇవ్వకూడదు. కూర్చో."

"ఆ అద్దం ముందా? ఉండు మరి, మొహం కడుక్కొస్తాను."

కడుక్కుని, నా దువ్వెనతోనే తల దువ్వుకుని వచ్చి కూర్చుంది. ఆక్సిజనూ నాడీ చూసే క్లిప్పు వేలికి పెడుతుంటే చెయ్యి చల్లగా తగిలింది. నీళ్ళలో పెట్టి వచ్చింది కదా అనుకున్నాను. ఆక్సిజన్ తొంభై ఎనిమిది. నాడి నూట పద్దెనిమిది.

"నాడి బాగా ఎక్కువుందే?" అన్నారు డాక్టరు గారు.

"మెట్లెక్కి వచ్చారండి. కాస్త కంగారు కూడా" అని నేనే జవాబిచ్చాను. నాలుగు మెట్లు!

"నెలసరి సరిగా వస్తోందామ్మా?" అని అడిగారు ఆయన. వీధి వీధంతటినీ మాటలతో ముక్కలు చేసే మనిషి తల దించుకుంది. "ఆ, వస్తోంది బాబూ" అంది. నెలలో పదిహేను రోజులు రక్తం పోతూనే ఉందని తర్వాత తెలిసింది. కొడుకు వయసు కుర్రాడికి, అదీ ఫోనులో, ఎలా చెబుతుంది? నేను తలుపు వేసి అడిగి ఉంటే చెప్పేది. పాత డాక్టరు గారి రోజుల్లో ఆడవాళ్ళని ముందు నేనే లోపలి గదిలో కూర్చోబెట్టి అడిగేదాన్ని. ఫోను వచ్చాక మనిషికి పది నిమిషాలే. అది దాటితే ఆయన ఇంకో ఊరి కేంద్రానికి వెళ్ళిపోవాలి. అలా ఆ అడగడం కూడా మానేశాను.

"కింది కనురెప్ప లోపల చూపించండి సిస్టర్."

ఫోను స్టాండు మీంచి తీసి దగ్గరగా పెట్టి, రెండో చేతి బొటనవేలితో రెప్ప కిందికి లాగాను. ఒంట్లో రక్తం తగ్గితే అక్కడ తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఇది నాకెవరూ నేర్పనక్కర్లేదు. డాక్టరు గారికంటే ముందు నేనే చూసి, ఈవిడలో రక్తం లేదండి, పెద్దాసుపత్రికి పంపిద్దాం అన్న రోజులెన్నో ఉన్నాయి. ఆ రోజు మాత్రం బొమ్మ మసగ్గా వస్తోందేమో, నా చెయ్యి కదులుతోందేమో అని తెరకేసి చూసుకుంటూ నిలబడ్డాను. బొమ్మ చక్కగా వచ్చింది. గులాబీ రంగులో.

"రంగు బాగానే ఉంది. ఐరన్ మాత్రలివ్వండి. రక్త పరీక్షకి సోమవారం ఆసుపత్రి బండిలో పంపిద్దాం, తొందరేం లేదు."

కత్తెరక్క లేస్తూ తెరలోకి ఇంకోసారి తొంగి చూసుకుంది. "విన్నావా? రంగు బాగుందట. డాక్టరే చెప్పాడు" అని నా భుజం మీద ఒకటి చరిచి వెళ్ళింది.

సోమవారం దాకా ఆగలేదు. శనివారం మధ్యాహ్నం మిషను మీదే తల వాల్చేసింది. బట్టల కోసం వచ్చిన స్కూలు టీచరు చూసి నాకు కబురు పెట్టింది. పరుగెత్తాను. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది, పెదవులు తెల్లకాగితంలా ఉన్నాయి. పెద్దాసుపత్రికి అంబులెన్సులో రెండున్నర గంటలు. పన్నెండు ఉండాల్సిన రక్తం మూడుకి పడిపోయిందన్నారు. ఎక్కించడానికి రక్తం తెచ్చేలోపే గుండె ఆగిపోయింది. ఆవిడ చెయ్యి నా చేతిలోనే ఉంది.

రెండు రోజుల తర్వాత డాక్టరు గారు ఫోను చేశారు. రోగితో మాట్లాడిందంతా వీడియోగా రికార్డవుతుంది. "ఆరుసార్లు చూశాను సిస్టర్. ఇప్పటికీ ఆ రెప్ప ఎర్రగానే కనిపిస్తోంది. నా కళ్ళకేమైంది?" అన్నారు.

ఫోను పెట్టేసి నేనూ ఆ వీడియో తెరిచాను. రెప్ప లాగుతున్న నా చెయ్యి కనిపించింది. నా బొటనవేలి మొదట్లో నాణెమంత నల్లమచ్చ ఉంది, ఎప్పుడో స్టెరిలైజరు మూత తగిలి కాలింది. వీడియోలో ఆ మచ్చ లేదు. పడుచుపిల్ల చెయ్యిలా నున్నగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ "అందం" మీట.

అప్పటికప్పుడు ఆయనకి ఫోను చేసి చెప్పేశాను. "మీరు పక్కనే ఉన్నారు. మీ కంటికెలా ఉందని నేనూ ఒక్క మాట అడగలేదు" అన్నారు ఆయన. జరిగింది జరిగినట్టు ఇద్దరం పైవాళ్ళకి రాసి పంపాం. ఆ మీట ఆపేశాను.

ఆ తర్వాతి వారం కత్తెరక్క కూతురు వచ్చింది. వేరే ఊళ్ళో బస్సు టిక్కెట్ల కౌంటరులో పని చేస్తుంది, నెలకోసారి వచ్చి పోయేది. చిన్నప్పటి నుంచీ నన్ను పిన్నీ అని పిలుస్తుంది.

"పిన్నీ, అమ్మది సరైన ఫోటో ఒక్కటీ లేదు. కెమెరా తీస్తే చాలు, మిషను వెనక దాక్కునేది. డాక్టరుతో మాట్లాడింది నీ దగ్గర ఉందటగా, చూపించవా?"

లేదనేయొచ్చు. చెరిగిపోయిందనొచ్చు. కానీ దాని మొహం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. ఫోను చేతికిచ్చాను.

తెరలో కత్తెరక్క తల దువ్వుకుని కూర్చుని ఉంది. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా నవ్వుతోంది. "ఎంత కళగా ఉందో చూడు పిన్నీ! నా చిన్నప్పుడు ఇలాగే ఉండేది. ఇక్కడ ఆపు, ఇక్కడ ఆపు. ఇది ప్రింటు తీయించి గోడకి పెట్టుకుంటాను."

ఇక ఓర్చుకోలేకపోయాను. మీట సంగతి, ఎందుకు నొక్కానో, దాంతో ఏమైందో, నీళ్ళు నమలకుండా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ అది ఫోను వంకే చూస్తోంది. ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాను. తల్లి నోరే వచ్చింది దానికి. తిట్టినా బాగుండేది. ఫోను తిరగేసి బల్ల మీద పెట్టింది.

"మరి ఆ రోజు అమ్మ నిజంగా ఎలా ఉంది? నువ్వు పక్కనే ఉన్నావుగా. అదొక్కటీ చెప్పు, చాలు."

మెట్ల మీద ఆగడం గుర్తుంది. చల్లటి చెయ్యి గుర్తుంది. శనివారం నాటి పెదవులు చచ్చేదాకా మర్చిపోను. మంగళవారం నాటి మొహం కోసం ఎంత తడుముకున్నా, ఆ తెరలోని గులాబీ బుగ్గల మొహమే వస్తోంది. మూరెడు దూరంలో ఉన్నాను. రెప్ప నా వేలితోనే లాగాను.

"తెలీదమ్మా" అన్నాను. "నేనూ ఫోనులోనే చూశాను."