వైరు బాబాయ్ పేరు

“ఇంకోసారి ఆపి పెట్టమ్మా” అంటూ వైరు బాబాయ్ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కీబోర్డు మీదికి వంగాడు. అవతల డ్రాయింగుల అమ్మాయి తన ఇంటిని ఆఫీసుతో కలిపే వీపీఎన్‌ను ఆపి, మళ్లీ పెట్టింది. కలిసిందని తెరమీద ఆకుపచ్చ చుక్క చెబుతూనే ఉంది. ఆఫీసు సర్వరులోని ఫోల్డరు మాత్రం పేరు అడుగుతోంది, పాస్‌వర్డ్ అడుగుతోంది, ఇస్తే పొమ్మంటోంది.

తలుపులూ కిటికీలూ తయారుచేసే ఆ కంపెనీ ఆఫీసులో పన్నెండు కంప్యూటర్లు, ఒక సర్వరు, అన్నిటికీ కలిపి ఒక్క వైరు బాబాయ్. ఇరవై రెండేళ్ల కిందట దీపాలు బిగించడానికి వచ్చి, కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటికి తీగలు లాగి, లాగిన పాపానికి వాటన్నిటికీ దిక్కయ్యాడు. బక్కపలచని మనిషి. బల్లల కింద దూరీ దూరీ అతని ప్యాంట్లన్నీ మోకాళ్ల దగ్గరే తెల్లబడతాయి. ఆ రోజు అతని ఉద్యోగానికి ఆఖరి రోజు. ఇకమీదట ఈ పనులన్నీ బయటి కంపెనీ ఒకటి దూరం నుంచే చూసుకుంటుంది.

అమ్మాయి తల్లికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. పక్కకు తిప్పడానికైనా మనిషి కావాలి, ఆ ఇంట్లో ఈ పిల్ల తప్ప వేరే దిక్కు లేదు. ఆఫీసు కంప్యూటరునే ఇంటికి పట్టుకెళ్లనిచ్చి, అక్కడి నుంచి పని ఎలా సాగుతుందో ఒక్కరోజు చూద్దామని మేనేజరు ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికల్లా కిటికీల డ్రాయింగులు ఫోల్డరులో పడాలి. పడకపోతే రేపు ఆఫీసుకు రావాలి, రాలేకపోతే మానుకోవాలి.

“మూడు దాటితే నా చేతుల్లో ఏం లేదండీ” అని మేనేజరు పొద్దున్నుంచి రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లాడు.

బాబాయ్ ముందు ఆమె ఇంటి కనెక్షన్ను అనుమానించాడు. అది బాగానే ఉంది. సర్వరు నంబరు కొట్టి చూడమన్నాడు. సర్వరు పలికింది. అంటే పిల్ల గుమ్మం దాకా వస్తోంది, తలుపే తియ్యడం లేదు. ఆఫీసులో చూస్తే ఎవరి తెరమీదైనా అదే ఫోల్డరు బార్లా తెరిచి ఉంది. అతని తల ప్రాణం తోకకొచ్చింది. ఈలోగా భార్య ఫోను చేసింది.

“ఇవాళైనా వేళకి తినండి.”

“తర్వాత తింటాలే.”

“మీ తర్వాత సంగతి నాకు తెలియనిదా!” అని ఆమె పెట్టేసింది. ఇంట్లో బీరువా తలుపు గొళ్లెం నాలుగేళ్లుగా ఆ ‘తర్వాత’ కోసమే ఎదురుచూస్తోంది.

ఒంటిగంటకు సర్వరు గదిలో కూర్చుని, లోపలికి రానివ్వాల్సిన వాళ్ల జాబితా తీశాడు. మధ్యలో ఒక పేరు పక్కన కిందికి చూసే చిన్న బాణం ఉంది. ఆ పేరును ఆపేశారని గుర్తు. పేరు తనదే. ఆఖరి రోజంటే తెల్లవారగానే అని లెక్కేసుకున్నారు కాబోలు, బయటి కంపెనీవాళ్లు పొద్దున్నే అతని పని కానిచ్చేశారు.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాడు. మరి తన పేరు ఆగితే అమ్మాయి ఫోల్డరు ఎందుకు మూసుకుంది? జ్ఞాపకం రాగానే నాలుక కరుచుకున్నాడు. తొమ్మిదేళ్ల కిందట సర్వరు మార్చిన రోజున, అందరూ నెత్తిమీద నిలబడితే, ఎవరి పేరుతో వాళ్లకు దారి పెట్టే తీరిక లేక అన్ని కంప్యూటర్లలోనూ తన పేరూ తన పాస్‌వర్డూ పెట్టేశాడు. రేపు మారుద్దాంలే అనుకున్నాడు. అప్పటి నుంచి ఆఫీసంతా అతని పేరుమీదే ఫోల్డరు తెరుస్తోంది. అక్కడి కంప్యూటర్లను ఎవరూ ఆపరు గనుక అవి నిన్నటి పరిచయంతో నడిచిపోతున్నాయి. కంప్యూటరు ఆపి ఇంటికి తీసుకెళ్లి, కొత్తగా తలుపు తట్టింది ఈ పిల్ల ఒక్కతే.

సర్వరులో ఏదైనా మార్చగల పాస్‌వర్డు, అతని మాటల్లో పెద్ద తాళం, సాయంత్రం దాకా అతని దగ్గరే ఉంటుంది. ఒక్క గడిలో టిక్కు తీస్తే అతని పేరు లేచి కూర్చుంటుంది, ఫోల్డరు తెరుచుకుంటుంది, తప్పు ఎవరికీ తెలియదు. మౌసు ఆ గడి మీదికి వెళ్లింది కూడా. కానీ రేపు వాళ్లు చూసి మళ్లీ ఆపేస్తారు. అప్పుడు పిల్ల మొర వినేవాడు ఉండడు. అతనికి సిగ్గేసింది. టిక్కు అలాగే వదిలేసి, అమ్మాయి పేరుతో కొత్త దారి పెట్టి ఫోను తీశాడు.

“నీ కంప్యూటర్లో దాచిన పేర్లు ఉంటాయి, తెరువు. నా పేరు కనబడుతోందా?”

“ఉంది బాబాయ్.”

“తీసెయ్.”

“మీ పేరునా?”

“అది ఉంటే నీది పట్టదమ్మా. తీసేసి, వీపీఎన్ ఆపి మళ్లీ కలుపు.”

కాసేపు అవతలినుంచి మంచం కిర్రుమనడం, “ఒక్క నిమిషం అమ్మా” అనడం వినబడ్డాయి. తర్వాత ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. “తెరుచుకుంది!”

“చదవడం ఒకటే కాదు, రాయడమూ రావాలి. అందులో ఏదైనా ఒక ఫైలు పెట్టు, చూస్తాను.”

ఆమె పెట్టింది. అతను సర్వరులోంచి తెరిచి చూసి, దాంట్లోనే జవాబు రాసి మూశాడు. మూడింటికి పది నిమిషాల ముందే డ్రాయింగులన్నీ వచ్చి పడ్డాయి. మేనేజరు చూసి, “అయితే ఇంటి నుంచే కానివ్వండి” అన్నాడు.

మిగిలిన పదకొండు కంప్యూటర్ల దగ్గరికి బాబాయే వెళ్లాడు. తొమ్మిదేళ్ల నాటి నిర్వాకాన్ని ప్రతి బల్ల దగ్గరా మళ్లీ చెప్పుకున్నాడు. “ఇన్నాళ్లూ మీ పేరు చెప్పుకుని బతికామా!” అని స్టోర్సాయన నవ్వాడు. బాబాయ్ అతని కంప్యూటర్లోనూ తన పేరు తీసేశాడు. ఆఖరి బల్ల అయ్యేసరికి అయిదు కావచ్చింది. పెద్ద తాళం పాస్‌వర్డును కవర్లో పెట్టి మేనేజరు చేతికిచ్చాడు.

“అప్పుడప్పుడు వస్తూండండి” అన్నాడు మేనేజరు, తెరమీంచి చూపు తిప్పకుండానే.

బాబాయ్ సరేనన్నాడు. టిఫిన్ డబ్బా తెరవనే లేదని మెట్ల మీద గుర్తొచ్చి, ఇంట్లో ఏం చెప్పాలా అనుకుంటూ దిగి వెళ్లిపోయాడు.

పని అయ్యాక, అమ్మాయి చేత పెట్టించినలాంటి పరీక్ష ఫైళ్లను తుడిచేయడం అతని పద్ధతి. ఆ రోజు హడావుడిలో మరిచిపోయాడనుకోవడమే మర్యాద. కిటికీల డ్రాయింగుల అడుగున ఆ చిన్న ఫైలు ఇంకా ఉంది, రెండే వాక్యాలతో: “బాబాయ్, కనబడుతున్నానా?” “కనబడుతున్నావమ్మా.”